కంపెనీ వాలంటీరింగ్ డే: ఒక్క రోజులో నడిచే బాట, సైకిల్ బాట బాగవుతాయా?

జహీరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు టాపిక్ కొంచెం వింతగా అనిపించొచ్చు. కంపెనీల్లో 'వాలంటీరింగ్ డే' అని ఒకటి ఉంటుంది కదా. ఏడాదిలో ఒక రోజు ఉద్యోగులు మిషన్లు, కంప్యూటర్లు పక్కన పెట్టి ఊరి కోసం ఏదో ఒక పని చేస్తారు. చెట్లు నాటుతారు, బడి గోడకు రంగులేస్తారు, రక్తం ఇస్తారు. ఆ ఒక్క రోజును నడిచి పోయేవాళ్ల కోసం, సైకిల్ మీద పోయేవాళ్ల కోసం వాడితే ఎట్లుంటుంది? ఏం చేయొచ్చు, ఏం చేయొద్దు, చేసింది ఆరు నెలల తర్వాత కూడా కనిపించాలంటే ఏం కావాలి? ఎపిసోడ్ మొత్తం దీని గురించే.

ముందు, జహీరాబాద్‌లో ఈ ముచ్చట ఎందుకు? మన ఊరు 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఉంది. హైదరాబాద్ నుంచి మహారాష్ట్ర వైపు పోయే లారీలు చాలా ఇట్లనే పోతాయి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, చక్కెర ఫ్యాక్టరీ ఉంది, చిన్నాచితకా యూనిట్లు చాలా ఉన్నాయి. ఇంకా పెద్దది రాబోతోంది. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ దేశం మొత్తం మీద 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీలకు ఓకే చెప్పింది. ఆంధ్రలో ఓర్వకల్లు, కొప్పర్తి. తెలంగాణలో మన జహీరాబాద్. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల ఖర్చు. న్యాల్కల్, ఝరాసంగం మండలాల వాళ్లకు నిమ్జ్ భూముల సంగతి నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు.

ఆ ప్రకటనలో ఒక మాట ఉంది, చాలామంది చదివి వదిలేశారు. ఈ సిటీలను 'ప్లగ్ అండ్ ప్లే', 'వాక్ టు వర్క్' అనే రెండు పద్ధతుల మీద కడతామన్నారు. వాక్ టు వర్క్ అంటే ఇంటి నుంచి పనికి నడిచి పోగలగడం. కాగితం మీద చాలా మంచి మాట. మరి ఇవాళ ఉన్న ఫ్యాక్టరీలకు నడిచి పోతున్నవాళ్ల పరిస్థితి ఏంటి?

షిఫ్ట్ మారే టైంలో ఏదైనా ఫ్యాక్టరీ గేటు ముందర నిలబడి చూడండి. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. కార్లు కొన్ని, కంపెనీ బస్సులు కొన్ని, బైకులు బాగా. వాటితో పాటు హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకున్న సైకిళ్లు, ముగ్గురు నలుగురు కలిసి నడుచుకుంటూ పోయే ఆడవాళ్లు. వీళ్లలో కాంట్రాక్ట్ లేబరే ఎక్కువ. 2011 జనగణన లెక్క ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా వేరే పనులు చేసేవాళ్లలో 22 శాతానికి పైగా నడిచి పనికి పోతారు, ఇంకో 13 శాతం సైకిల్ మీద పోతారు. లెక్క పాతదే. అయినా ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువ మంది అన్నమాట. రోడ్డు డిజైన్ చేసేటప్పుడు మాత్రం ఈ ముగ్గురిలో ఒకరు ఎవరికీ గుర్తుకు రారు.

గుర్తుకు రాకపోతే ఏమైతదో కూడా లెక్క ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచి పోతూ చనిపోయినవాళ్లే 32,825. అంటే రోజుకు దాదాపు 90 మంది. వీళ్లు స్పీడ్‌గా పోలేదు, బండి తోలలేదు. నడుస్తున్నారు, అంతే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద వస్తుందని, అంటే బతికే హక్కులో భాగమని చెప్పింది.

ఇప్పుడు వాలంటీరింగ్ డేకి వద్దాం. ఒకటి నేను దగ్గరుండి చూశాను. కంపెనీ పేరు చెప్పను, అవసరం కూడా లేదు, చాలా చోట్ల జరిగేది ఇదే. పొద్దున తొమ్మిదికి బస్సు దిగారు. ఒకే రంగు టీషర్టులు, పెద్ద బ్యానర్, పైన ఒక డ్రోన్. రోడ్డు పక్క రాళ్లకు తెలుపు, ఎరుపు రంగులేశారు. అంచు మీదికి వచ్చిన సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టారు. పదకొండున్నరకు గ్రూప్ ఫొటో, టిఫిన్, బస్సు. వాళ్లను తప్పు పట్టడానికి చెప్తలేను. ఎండలో చెమటోడ్చారు, అది నిజం. కానీ ఆ రెండున్నర గంటల్లో అదే రోడ్డు మీద సైకిళ్లు పోతూనే ఉన్నాయి. ఒక్క సైకిల్‌ను ఆపి "అన్నా, నీకు ఎక్కడ ఇబ్బంది?" అని ఎవరూ అడగలేదు. వానాకాలం వచ్చేసరికి తుమ్మ ముందుకంటే గుబురుగా లేచింది.

ఎందుకు అట్లా లేచిందో చెప్తాను, ఇక్కడే సగం పాఠం ఉంది. సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. దాని ఊరు అమెరికా ఖండం. వంట చెరకు కోసం 1870ల్లో అప్పటి మద్రాసు ప్రభుత్వం తెప్పించింది, కడప వైపు కమలాపురం దగ్గర నాటించింది. సర్కారు తెచ్చిన తుమ్మ కాబట్టి సర్కారు తుమ్మ. దీని గుణం ఏంటంటే, పైన కొడితే చావదు. మొదలు దగ్గర ఒక్క కొమ్మ కొడితే అక్కడి నుంచి ఐదారు పిలకలు వస్తాయి. భూమిలో దాదాపు అడుగు లోతు దాకా తవ్వి, వేరు మొదలుతో సహా తీస్తేనే పోతుంది. అంటే కొడవలితో పది చెట్లు కొట్టే టైంలో గడ్డపారతో ఒక చెట్టు తీయొచ్చు. ఫొటోలో మొదటిదే బాగా కనిపిస్తుంది. సైకిల్‌వాడికి రెండోదే పనికొస్తుంది. ఇంకో మాట, కొట్టిన ముళ్ల కొమ్మలు రోడ్డు పక్కనే పడేస్తే ఆ వారమంతా సైకిళ్ల పంక్చర్లే. కొట్టినంత ట్రాలీలో ఎక్కించి తీసుకుపోవాలి, తర్వాత చీపురుతో అంచు ఊడ్వాలి. ఎండిన ముల్లు ట్యూబ్‌లోకి సూదిలా దిగుతుంది.

మా చిన్నాయన చాలా ఏళ్లు సైకిల్ మీదనే డ్యూటీకి పోయాడు. నేను ఒకసారి అడిగాను, "చిన్నాయనా, లారీలంటే భయం కాదా?" అని. ఆయన ఏమన్నాడంటే, "లారీతోని గాదు బిడ్డా, రోడ్డు దిగుడే భయం." ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఆయన సైకిల్ మీదనే అదే దారిలో పోయి చూశాను. వెనక లారీ హారన్ కొడుతుంది, సైకిల్‌వాడు తారు మీద నుంచి మట్టిలోకి దిగాలి. తారు అంచుకూ పక్కనున్న మట్టికీ మధ్య జానెడు మెట్టు ఉంటుంది. వానకు మట్టి కొట్టుకుపోయి తయారైన మెట్టు అది. పగలు అయితే చూసుకొని దిగుతాం. రాత్రి పది గంటలకు, ఎదురుగా హైబీమ్ లైట్లు కొడుతుంటే, ముందు చక్రం ఆ మెట్టు మీద జారిందంటే మనిషి పడేది కుడివైపు. అంటే లారీ వైపు.

ఈ మెట్టును నింపడం వాలంటీర్లు చేయగలిగిన పని. పెద్ద ఇంజినీరింగ్ ఏమీ లేదు, కానీ పద్ధతి ఉంది. మన దగ్గర మొరం దొరుకుతుంది. పర్మిట్ ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి, గుట్ట కనిపించిందని తవ్వుకొస్తే కేసు అవుతుంది. మొరం ఒకేసారి కుప్ప పోసి పారతో సదిరితే మొదటి వానకే పోతుంది. నాలుగైదు అంగుళాల పొర పోయాలి, నీళ్లు చల్లాలి, దిమ్మిసతో కొట్టాలి, అప్పుడు ఇంకో పొర. తారు వైపు ఎత్తు, బయటి వైపు కొంచెం వాలు ఉండాలి, నీళ్లు రోడ్డు మీద ఆగకుండా పక్కకు పోయేటట్టు. ఎండాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, మట్టి పొడిగా ఉంటుంది, ఎంత కొట్టినా కూర్చోదు. వానలు వెనకబడ్డాక, అక్టోబర్ నవంబర్‌లో నేల తడి మీద ఉంటుంది, అప్పుడు బాగా గట్టిపడుతుంది. తుమ్మ వేరు తవ్వడానికి కూడా అదే మంచి టైం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మీటర్ వెడల్పు, పది సెంటీమీటర్ల మందం, వంద మీటర్ల పొడవు. అది పది క్యూబిక్ మీటర్లు. దిమ్మిస కొడితే మొరం దగ్గరపడుతుంది కాబట్టి తెచ్చేటప్పుడు పదమూడు దాకా తేవాలి. ఒక ట్రాక్టర్ ట్రాలీకి సుమారు వంద సీఎఫ్‌టీ, అంటే మూడు క్యూబిక్ మీటర్ల లోపు అనుకుంటే నాలుగైదు ట్రాలీలు. అలవాటు లేని చేతులు, ఆఫీసులో కూర్చునేవాళ్లు, ఓ నలభై మంది, ఒక పూట. నా అంచనాలో వాళ్లతో అయ్యేది ఒకవైపు అంచు, వంద మీటర్లు, లేదా ఇంకొంచెం. అంతే ఫ్రెండ్స్. వాలంటీరింగ్ డే అంటే వంద మీటర్లు.

తక్కువ అనిపిస్తుందా? నాకు అట్లా అనిపించదు. ఎందుకంటే ఏ వంద మీటర్లు అనేది అసలు ప్రశ్న. ఐదు కిలోమీటర్ల దారిలో నిజంగా ప్రాణం మీదికి వచ్చే చోట్లు రెండో మూడో ఉంటాయి. ఒక మలుపు, ఒక కల్వర్టు, ఒక మూతలేని మోరీ. ఆ చోటు తెలిస్తే వంద మీటర్లు చాలా ఎక్కువ. తెలియకపోతే పది కిలోమీటర్లు రంగులేసినా వేస్ట్.

ఆ చోటు ఎవరికి తెలుసు? ప్రోగ్రాం ప్లాన్ చేసే హెచ్‌ఆర్ వాళ్లకు తెలియదు, వాళ్లు కారులో వస్తారు. సెక్యూరిటీ గార్డ్‌కు తెలుసు. క్యాంటీన్‌లో పనిచేసే అక్కలకు తెలుసు. రాత్రి షిఫ్ట్ అయిపోయి సైకిల్ మీద పోయే హెల్పర్‌కు తెలుసు. కాబట్టి వాలంటీరింగ్ డేకి రెండు వారాల ముందు, గేటు దగ్గర షిఫ్ట్ మారే టైంలో ఇద్దరు నిలబడి అడగాలి. ఫారాలు, సర్వే లింకులు వద్దు. "నడిచి వస్తావా, సైకిల్ మీదనా? ఎక్కడ దిగి నడిపిస్తావు? రాత్రి ఎక్కడ భయమేస్తది?" ఈ మూడు చాలు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి, లేకపోతే "ఏం లేదు సార్, అంతా బాగుంది" అనే జవాబే వస్తుంది.

ఇంకొకటి, ఆ జవాబులు విన్నాక ఆ దారి వెంట మీరే నడవండి. పగలు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి. ఇక్కడ మీ ఫోన్ పనికొస్తుంది. రీల్ కోసం కాదు. ఫొటోలో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకోండి, ప్రతి గుంత, ప్రతి మూతలేని మోరీ, వెలగని ప్రతి లైట్ ఫొటో తీయండి. కరెంటు స్తంభం మీద నంబర్ ఉంటుంది, అది కూడా ఫొటోలో పడాలి. "బస్టాండ్ దగ్గర లైట్ లేదు" అని చెప్తే ఎవరూ రారు, స్తంభం నంబర్ చెప్తే లైన్‌మన్ దాటేయడం కష్టం. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే స్ట్రీట్‌కంప్లీట్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది. మీరు నిలబడ్డ వీధి గురించి చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఇక్కడ ఫుట్‌పాత్ ఉందా? లైట్ ఉందా? రోడ్డు తారా, మట్టా? మీరు జవాబు నొక్కితే అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి పోతుంది. ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే మ్యాప్ అది. నడుము నొప్పి ఉన్నవాళ్లు, గడ్డపార పట్టలేనివాళ్లు వాలంటీరింగ్ డే రోజు చేయదగిన పని ఇదే, చిన్న పని కూడా కాదు.

ఇక పర్మిషన్ సంగతి. రోడ్డు ఎవరిదో తెలియకుండా గడ్డపార వేయొద్దు. తెలుసుకోవడం సులువే, కిలోమీటర్ రాయి పైభాగం రంగు చూడండి. పసుపు అయితే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, ఆర్ అండ్ బీ వాళ్లది. నారింజ రంగు అయితే కేంద్ర పథకం కింద వేసిన ఊరి రోడ్డు, పంచాయతీరాజ్ ఇంజినీర్ దగ్గరికి పోవాలి. ఊరి లోపల గల్లీలు మున్సిపాలిటీవి. ఒక పేజీ లెటర్: ఏ చోటు, ఏ తేదీ, ఏం పని, ఎంతమంది. లెటర్ మీద స్టాంపు వేయించుకొని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పని రోజు రెండు వైపులా కోన్లు, ఎర్రజెండా పట్టుకొని ఇద్దరు మనుషులు, అందరికీ రేడియం జాకెట్లు. నడిచేవాళ్ల కోసం పనిచేస్తూ మనం బండి కింద పడితే అర్థమే లేదు.

జాతీయ రహదారి మీద మాత్రం సొంతంగా ఏ పనీ పెట్టుకోకండి. 2002 చట్టం ప్రకారం ఆ భూమి మీద అనుమతి లేకుండా ఏం చేసినా నేరం కిందికి వస్తుంది. అక్కడ మీ పని కంప్లైంట్. 1033 హెల్ప్‌లైన్ ఉంది, రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో ఫొటోతో సహా కంప్లైంట్ పెట్టొచ్చు.

మంచి మనసుతో చేసినా కీడు చేసే పనులు రెండున్నాయి, వాటి గురించి గట్టిగా చెప్తాను. ఒకటి, సొంత స్పీడ్ బ్రేకర్. మన ఊళ్లల్ల ఎవరికైనా యాక్సిడెంట్ అయితే తెల్లారేసరికి అక్కడ సిమెంట్ గడ్డ ఒకటి లేస్తుంది. బాధ అర్థమవుతుంది. కానీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, ముందు బోర్డు ఉండాలి, గీతలు ఉండాలి. రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తు గడ్డ రాత్రిపూట బైకు మీద వచ్చేవాణ్ని ఎగరేస్తుంది, సైకిల్ వెనక కూర్చున్న పిల్లను కింద పడేస్తుంది. రెండోది జీబ్రా గీతలు. లైటు లేని చోట, బండ్లు ఎనభై మీద వచ్చే చోట మనం గీతలు గీస్తే బడిపిల్లలు వాటిని నమ్మి దాటుతారు. లారీ డ్రైవర్‌కు ఆ గీతలు కనిపించను కూడా కనిపించవు. ముందు స్పీడ్ తగ్గాలి, లైట్ రావాలి, ఆ తర్వాత గీత. నడిచేవాళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటొద్దని 2020లో స్టాక్‌హోమ్ ప్రకటనలో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. మన హైవే పక్క ఊర్లలో ఆ 30 ఎక్కడా కనిపించదు.

తక్కువ ఖర్చుతో వెంటనే పనికొచ్చేది ఇంకోటి ఉంది, సైకిళ్లకు రేడియం స్టిక్కర్లు. వెనక మడ్‌గార్డ్‌కు ఎరుపు, పెడల్స్‌కు పసుపు, చక్రాల పుల్లలకు తెలుపు. పెడల్ మీద ఉన్నది పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి దూరం నుంచి చూసే డ్రైవర్‌కు అది సైకిల్ అని వెంటనే తెలుస్తుంది. వాలంటీరింగ్ డే రోజు గేటు దగ్గర ఒక టేబుల్ వేసి స్టిక్కర్లు అంటించండి, పక్కనే ఒక సైకిల్ మెకానిక్‌ను కూర్చోబెట్టి బ్రేకులు సరిచేయించండి. ఆ రోజు కూలి కంపెనీ ఇవ్వాలి, అది కూడా వాలంటీరింగ్ అని ఫ్రీగా చేయించుకోవద్దు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి, మొరం ఖర్చు ఎవరిది అని అడగొచ్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనుల మీద పెట్టాలి. పని చేసే చోటు చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఏ పని దాని కిందికి వస్తుంది, ఏది రాదు అనేది కంపెనీ వాళ్లు చూసుకుంటారు. మీరు ఉద్యోగి అయితే మీటింగ్‌లో అడగాల్సిన మాట మాత్రం ఒకటుంది: "మన గేటుకు వచ్చే దారి మన చుట్టుపక్కల ప్రాంతం కాదా?"

హైవే కాకుండా వేరే దారి ఉందా అని కూడా చూడండి. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లకు పాత బండ్ల బాటలు ఉన్నాయి. పస్తాపూర్‌లో ఉండే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు సంక్రాంతి నుంచి మొదలుపెట్టి చేసే పాత పంటల జాతర మీరు చూసే ఉంటారు, చిరుధాన్యాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. ఎడ్లబండి పోగలిగిన బాటలో సైకిల్ పోదా? తహసీల్దార్ ఆఫీసులో ఊరి నక్ష ఉంటుంది. నక్షలో బాట ఉండి, నేల మీద లేకపోతే ఎవరో కలుపుకున్నట్టు. అది గొడవల పని, వాలంటీర్లు చేయి పెట్టొద్దు. బాట ఉండి, ముళ్లతో మూసుకుపోయి ఉంటే మాత్రం అది మీ వంద మీటర్లు కావొచ్చు.

హైదరాబాద్‌లో ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. ఫొటోలు మీరందరూ చూశారు. బాగుంది, నేనూ పోయి తొక్కి వచ్చాను. కానీ అది ఎక్కువగా వ్యాయామం కోసం తొక్కేవాళ్ల ట్రాక్. టిఫిన్ డబ్బా సైకిల్ దాని మీద నాకు ఒక్కటీ కనిపించలేదు.

నాకు నచ్చిన ఉదాహరణలు వేరే ఉన్నాయి, ఏవీ కంపెనీలవి కావు. కృష్ణా జిల్లా చల్లపల్లిలో డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతుల చొరవతో 2014 నవంబర్ 12న స్వచ్ఛ చల్లపల్లి మొదలైంది. తెల్లవారుజామున చీకటితోనే కార్యకర్తలు రోడ్డు మీదికి వస్తారు, గంటన్నర పని చేస్తారు, ఇంటికి పోతారు. ఊరికి వచ్చే దారుల వెంట ఊడ్చారు, ముళ్లు తీశారు, మొక్కలు పెట్టారు. ఒకరోజు కాదు, వేల రోజులు. హైదరాబాద్‌లో గంగాధర తిలక్ కట్నం గారు రైల్వేలో రిటైరై, భార్యతో కలిసి సొంత డబ్బుతో రెండు వేలకు పైగా గుంతలు పూడ్చారు. జనం ఆయన్ని రోడ్ డాక్టర్ అంటారు. బ్రిటన్‌లో బ్రిస్టల్ అనే ఊళ్లో 1977లో కొందరు సైకిల్ వాళ్లు ఒక గుంపుగా కూడారు. బాత్ అనే పక్క ఊరికి పోయే పాత, వాడని రైలు దారిని సైకిల్ బాటగా మార్చడం మొదలుపెట్టారు. వాలంటీర్ల చేతులతో మొదలైన ఆ 21 కిలోమీటర్ల పని 1979 నుంచి 1986 దాకా పట్టింది. తర్వాత ఆ దేశమంతా వచ్చిన సైకిల్ బాటలకు అదే మొదలు.

ఈ మూడింటిలో ఒకటి గమనించండి. ఎవరూ ఒక్కసారి వచ్చి పోలేదు. అందుకే కంపెనీ వాలంటీరింగ్ డే తేదీ ఫిక్స్ చేసేటప్పుడు రెండు తేదీలు రాయించండి. మొదటిది నవంబర్‌లో, పెద్ద పని. రెండోది జూన్‌లో, మొదటి పెద్ద వాన పడ్డ వారం లోపల. రెండో రోజు నలభై మంది అక్కర్లేదు, ఎనిమిది మంది చాలు. మొరం ఎక్కడ కొట్టుకుపోయిందో చూడాలి, నీళ్లు ఎటు పారాయో ఫొటో తీయాలి, ఒక ట్రాలీ మొరంతో అక్కడ మళ్లీ నింపాలి, లేచిన తుమ్మ పిలకలు చిన్నగా ఉన్నప్పుడే చేత్తో పీకాలి. వేళ్లంత మందం కాకముందే అయితే గడ్డపార కూడా అక్కర్లేదు. ఈ రెండో రోజుకు బ్యానర్ ఉండదు, మేనేజర్లు రారు. వచ్చే ఎనిమిది మంది ఎవరో మొదటి రోజు సాయంత్రమే పేర్లు రాసి పెట్టుకోండి.

మనతో కాని పనులు కూడా ఆ రెండు తేదీల మధ్యే కదలాలి: మోరీ మూతలు, స్తంభం లైట్లు, హైవే దాటే చోటు. ఫొటోలు, లొకేషన్లు, స్తంభం నంబర్లు ఒక ఫైల్ చేసి మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి ఇవ్వండి. సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇంకొకటి ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరికే "రోడ్డు బాగాలేదు" అని కాకుండా, "ఇన్ని రోజులు, ఈ టైంలో, ఇంతమంది ఈ చోటు దాటుతున్నారు" అని లెక్కతో ఇవ్వండి. గేటు దగ్గర నిలబడి మీరు లెక్కపెట్టిందే అది. కొత్త స్మార్ట్ సిటీ రోడ్లు ఇంకా పూర్తిగా పడలేదు. వాక్ టు వర్క్ అని రాసినవాళ్ల టేబుల్ మీద నడిచేవాళ్ల లెక్క ఒకటి ఉండాలి కదా.

నెల దాకా జవాబు రాకపోతే పది రూపాయల ఆర్టీఐ ఉంది. ఏం అడగాలి, ఎట్లా అడిగితే తప్పించుకోలేరు అనేది వచ్చే ఎపిసోడ్‌లో అప్లికేషన్ రాసి చూపిస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.